కార్డు ఉన్నది, బీమా ఉన్నదా?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం 'అసంఘటిత కార్మికులకు సామాజిక బీమా'. మాటలు కొంచెం బరువుగానే ఉన్నయి. ఈ కాగితం మా సంఘం సమావేశంలో చదివితే ఒక పెద్దవ్వ అడిగింది, "అసంఘటిత కార్మికులు అంటే ఎవరు బిడ్డా?" అని. "నువ్వే అవ్వా" అన్నాం. ఆమె నవ్వింది. "నేను ఇంట్ల కూసొని బీడీలు చేసుకునేదాన్ని, నేను కార్మికురాలిని ఎట్లయిత?" అన్నది. ముప్పై ఏండ్ల నుంచి తంబాకు వాసనలో బతికిన మనిషి ఆమె. రోజుకు ఎన్ని వందల బీడీలు చుట్టిందో వేళ్లను చూస్తే తెలుస్తది. అయినా తాను కార్మికురాలినని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో పనిచేసేవాళ్లలో నూటికి తొంభై మంది దాకా ఇట్లాంటి వాళ్లమే. నాట్లు వేసేవాళ్లం, బీడీలు చుట్టేవాళ్లం, మేస్త్రీల దగ్గర తట్టలు మోసేవాళ్లం, ఇండ్లల్లో గిన్నెలు తోమేవాళ్లం, కుట్టు మిషన్ వాళ్లం, కూరగాయల గంప వాళ్లం. సర్కారు లెక్కలో మనకు ఒకే పేరు, అసంఘటిత కార్మికులు. మన సంఘాలకు వచ్చి "మీరంతా సంఘటితంగా ఉన్నారు" అని మెచ్చుకునే సార్లు కూడా కాగితం మీద మనల్ని అసంఘటితం అనే రాస్తారు. ఇది గమ్మత్తుగానే ఉన్నది.

బీమా అంటే మనకు వెంటనే చావు గుర్తుకొస్తది. కానీ నౌకరీ ఉన్నవాళ్లకు బీమా అంటే అదొక్కటే కాదు. ఈఎస్ఐ చట్టం 1948లో వచ్చింది. పీఎఫ్ చట్టం 1952లో వచ్చింది. ఈఎస్ఐ ఉన్న ఆడమనిషికి కాన్పు అయితే 26 వారాల సెలవు, ఆ సెలవుకు జీతం వస్తది. రోగమొస్తే మందులు, పని చేయలేని రోజులకు కొంత పైసలు వస్తయి. ఇందులో కార్మికురాలి వాటా జీతంలో నూటికి ముప్పావు రూపాయి. యజమాని వాటా మూడుంపావు. అంటే ఆమె ఒక్క రూపాయి వేస్తే యజమాని నాలుగు రూపాయల పైన వేస్తడు. సామాజిక బీమాలో అసలు సంగతి ఇదే. కష్టం ఒక్కరి మీద పడకుండా కార్మికురాలు, యజమాని, సర్కారు, ముగ్గురూ చేయి వేస్తరు.

మన దగ్గర ఆ మూడు చేతుల్లో యజమాని చేయి కనిపించదు. నాట్లు వేసేటామె ఇయ్యాల ఒకరి మడిలో ఉంటది, రేపు ఇంకొకరి మడిలో ఉంటది. ఆమెకు యజమాని ఎవరు? ఆ రైతు కూడా మన పక్కింటాయనే, ఆయన అప్పు మనకు తెలుసు. ఆయన్ని పట్టుకొని వాటా కట్టుమంటే అయ్యే పని కాదు. అందుకే ఈఎస్ఐ, పీఎఫ్ మన గడప దాకా రాలేదు. పది మంది పనిచేసే చోటికి ఈఎస్ఐ, ఇరవై మంది పనిచేసే చోటికి పీఎఫ్ అని చట్టం గీత గీసింది. మనం ఆ గీతకు ఇవతల ఉన్నాం.

ఆ గీత ఎక్కడుంటే ఏమవుతుందో మన మండలంలో అందరికంటే బాగా బీడీలు చేసే అక్కలకు తెలుసు. బీడీ కార్మికులకు 1966లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చొని బీడీలు చేసినా కార్మికురాలే అని అందులో ఉన్నది. పీఎఫ్ 1977 నుంచి వర్తించింది. బీడీ పనిలో పీఎఫ్ వాటా మనది నూటికి పది, కంపెనీది పది. కంపెనీ వాటాలో ఎక్కువ భాగం పింఛన్ ఖాతాకు పోతది. పదేండ్ల సర్వీసు ఉంటే 58 ఏండ్లకు నెల నెలా పింఛన్ వస్తది. ఇంటి అరుగు మీద కూర్చొని చేసే పనికి కూడా యజమాని వాటా వసూలు చేయొచ్చని ఇది చూపించింది. కాబట్టి "మీకు యజమాని లేడు కదా, మేమేం చేస్తం" అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తు చేయండి.

అయితే చట్టం ఉన్నా పేరు ఎక్కనిది ఎందరికో. ఆకు, తంబాకు తెచ్చేది అత్త పేరు మీద, పాస్‌బుక్ అత్త పేరు మీద. కూర్చొని చేసేది కోడండ్లు, బిడ్డలు. నాలుగు చేతుల పని ఒక్క పేరు మీద పోతది. తెలంగాణలో బీడీ కార్మికులకు భృతి ఇచ్చినప్పుడు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నవాళ్లకే అని నిబంధన పెట్టారు. అప్పుడు తెలిసింది మన కోడండ్లకు పేరు ఎంత పనికొస్తదో. అదే గదిలో, అదే చాట ముందు కూర్చొని చేసిన ఇద్దరిలో ఒకరికి భృతి, ఒకరికి లేదు. పని తక్కువ చేసి కాదు. పుస్తకంలో పేరు లేక.

పీఎఫ్ ఉన్న అక్కలకు ఇంకొక మాట. పీఎఫ్‌తో పాటు ఈడీఎల్ఐ అని ఒక బీమా ఉంటది. దానికి మనం పైసా కట్టేది లేదు, కంపెనీయే కట్టాలి. సర్వీసులో ఉండగా కార్మికురాలు చనిపోతే ఆమె నామినీకి బీమా సొమ్ము వస్తది, గరిష్ఠంగా 7 లక్షల దాకా. మేము మా ఊర్లో అడిగితే బీడీలు చేసేవాళ్లలో ఈ పేరు విన్నవాళ్లు దొరకలేదు. పీఎఫ్ పైసలు తీసుకొని, పింఛన్ రాయించుకొని, ఇది ఒకటుంటదని తెలియక వదిలేసిన ఇండ్లు మీ ఊర్లల్లో కూడా ఉండొచ్చు. ఒకసారి అడిగి చూడండి.

పేరు దగ్గరే ఇంకో చిక్కు. పీఎఫ్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఒక దాంట్లో 'అమ్మ' ఉంటది, ఒక దాంట్లో ఉండదు. పుట్టిన సంవత్సరం మూడు కార్డుల్లో మూడు తీర్లు. ఇదంతా బతికుండగా సరిచేసుకుంటే ఒక దరఖాస్తు, కంపెనీ సంతకంతో అయిపోతది. మనిషి పోయినంక సరిచేయాలంటే పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాలె.

ఇప్పుడు మనందరికీ సంబంధించిన పథకాల దగ్గరికి వస్తం. 2015లో రెండు బీమాలు వచ్చినయి. ఒకటి జీవన జ్యోతి, ఒకటి సురక్ష. జీవన జ్యోతికి ఏడాదికి 436 రూపాయలు. 18 నుంచి 50 ఏండ్ల లోపు చేరాలె, 55 దాకా నడుస్తది. ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. సురక్షకు ఏడాదికి 20 రూపాయలు, 70 ఏండ్ల దాకా ఉంటది. ఇది ప్రమాదానికి మాత్రమే. చనిపోయినా, రెండు కండ్లు గానీ రెండు కాళ్లు, చేతులు గానీ పోయినా 2 లక్షలు, ఒక కన్ను లేదా ఒక కాలు, చేయి పోతే 1 లక్ష. రెండూ కలిపితే 456 రూపాయలు. నెలకు 38. మన పొదుపు కంటే తక్కువే.

"మాకు కట్ అవుతున్నది" అని అందరం అంటం. మా గ్రామ సంఘంలో ఇల్లిల్లూ తిరిగి బ్యాంకు పుస్తకాలు తెరిచి చూసినం. కొందరికి మూడేండ్ల కింద కట్ అయింది, ఆ తర్వాత లేదు. కొందరికి 20 కట్ అయింది, 436 కాలేదు. వాళ్లేమో రెండూ ఉన్నయనుకుంటున్నరు. ఇద్దరు ముగ్గురికి రెండు బ్యాంకుల్లో రెండుసార్లు కట్ అయింది. ఎన్ని ఖాతాల్లో కట్టినా ఒక మనిషికి ఒక బీమానే, రెండోది ఊరికే పోయినట్టే.

ఈ బీమా సంవత్సరం జూన్ 1న మొదలై మే 31తో అయిపోతది. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతది. ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. మరి మే నెలలో మన ఖాతాలు ఎట్లుంటయి? పెండ్లిండ్లు అప్పుడే, పిల్లల బడి ఫీజులు దగ్గర పడేది అప్పుడే, విత్తనాలకు చేయి చాచేది అప్పుడే. ఏడాదిలో ఖాతా అడుగంటే నెల చూసి పెట్టినట్టున్నరు! ఆగిపోయినంక ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో మళ్లీ కడితే, జీవన జ్యోతిలో మొదటి 30 రోజులు వర్తించదు, ప్రమాద మరణం తప్ప.

మా ఊర్లో రెండేండ్లలో జరిగిన రెండు సంగతులు చెప్తం. పేర్లు వద్దు, ఇంటివాళ్లు కూడా వద్దన్నరు.

ఒక అక్క గుండెపోటుతో పోయింది. ఆమెకు 436 వరుసగా కట్ అయింది. పుస్తకంలో ఉన్నది. కానీ నామినీగా భర్త పేరు ఉంది, ఆయన అంతకు ముందే చనిపోయిండు. ఆ పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. బిడ్డ ఇంటర్ చదువుతున్నది. బ్యాంకు వాళ్లు వారసత్వ పత్రం తెమ్మన్నరు. ఆ పిల్ల తల్లి పోయిన దుఃఖంలో తహసీల్ ఆఫీసుకు, బ్యాంకుకు తిరిగింది. మా సంఘం నుంచి ప్రతిసారీ ఇద్దరం వెంట పోయినం. ఒక రోజు సార్ లేడు, ఒక రోజు సర్వర్ లేదు, ఒక రోజు సంతకం ఒకటి తక్కువ ఉన్నది. ఆఖరుకు వచ్చింది. ఆ 2 లక్షలతోనే ఆ పిల్ల చదువు నిలబడ్డది. మేము వెంట పోకపోతే ఆ పిల్ల మూడోసారికే తిరుగుడు మానేసేదని ఆమే మాతో అన్నది.

రెండో ఆమె కూడా మా సంఘం సభ్యురాలే, నలభై దాటలేదు. జ్వరమొచ్చి పది రోజుల్లో పోయింది. ఇంట్లో బీమా కార్డు ఉన్నది, మొదట చేరినప్పుడు ఇచ్చిన రసీదు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి బీరువాలో దాచుకున్నది. పోయిన మే నెలలో ఖాతాలో 436 లేవు. రెండు వందల చిల్లర ఉన్నది. అంతే. ఆ ఇంటికి ఒక్క రూపాయి రాలేదు. రెండిండ్ల మధ్య తేడా రెండు వందల చిల్లర రూపాయలు. ఆ అత్తగారు ఇప్పటికీ ఆ రసీదు తెచ్చి మాకు చూపిస్తది, "మరి ఇది ఏంది?" అని. ఏమి చెప్పాలె?

సురక్ష విషయంలో వరి పొలాల్లో పనిచేసేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తు పెట్టుకోవాలె. పాము కాటు కూడా ప్రమాదమే, చెట్టు మీది నుంచి పడ్డా ప్రమాదమే. దానికి పోలీసు కాగితం లేకున్నా దవాఖాన కాగితం ఉండాలె. పాము కరిచినప్పుడు మంత్రగాడి దగ్గరికి పోతే ప్రాణమూ పోతది, కాగితమూ ఉండదు. ముందు సర్కారు దవాఖానకే పోవాలె. అది బీమా కోసం కాదు, బతకడం కోసం. రోడ్డు ప్రమాదమైతే, నీళ్లల్లో మునిగితే పోలీసు స్టేషన్‌లో రాయించాలె. "కేసులెందుకు" అని ఊర్లో పెద్దమనుషులు సర్దిచెప్తే క్లెయిమ్ అక్కడే పోతది.

ఇంకో గందరగోళం. మన సంఘం సభ్యులకు 2024లో రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షల ప్రమాద బీమా, 2 లక్షల దాకా లోన్ బీమా పెట్టింది. మంచి పని. కానీ లోన్ బీమా అంటే ఇంటికి 2 లక్షలు వస్తయని కాదు. చనిపోయిన సభ్యురాలి అప్పు తీరుతది. అప్పు ఎంత మిగిలి ఉంటే అంత. ఆమె పిల్లల చేతికి పైసలు రావాలంటే 436 వేరే నడవాలె. "మాకు సంఘం బీమా ఉన్నది గదా" అని 436 మానేసిన వాళ్లు మా దగ్గర ఉన్నరు, అందుకే విప్పి చెప్తున్నం.

అట్లనే రైతు బీమా. 2018 నుంచి ఉన్నది. 5 లక్షలు, ప్రీమియం మొత్తం రాష్ట్రమే కడుతది. గుంట భూమి ఉన్నా చాలు. కానీ ఆ గుంట ఎవరి పేరు మీద ఉన్నది? పట్టా మగవాళ్ల పేరు మీద ఉంటే బీమా ఆయనకే. నాటు వేసేది, కలుపు తీసేది, వడ్లు ఆరబోసేది ఆమె. భూమి లేని కూలి ఇంటికి అయితే అసలే లేదు. రైతు బీమాలో సొమ్ము తొందరగా వస్తదని అందరికీ తెలుసు. ఎందుకు? ఊరి వ్యవసాయ అధికారే కాగితాలు తీసుకొని పంపుతడు, ఇంటోళ్లు తిరిగే పని తక్కువ. వెంట ఒక మనిషి ఉంటే బీమా ఎట్ల నడుస్తదో దీంట్లో కనిపిస్తది.

పాత అక్కలకు ఇది కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఆమ్ ఆద్మీ బీమా ఉండేది. మామూలు మరణానికి 30 వేలు, ప్రమాదానికి 75 వేలు. 9 నుంచి 12 తరగతి పిల్లలకు నెలకు 100 రూపాయల స్కాలర్‌షిప్. ఇప్పటి 2 లక్షల ముందు అది చిన్నదే. కానీ అప్పుడు బీమా మిత్ర అని మన సంఘాల ఆడమనిషే ఉండేది. ఊర్లో ఎవరైనా పోయినారని ఫోన్ పోతే, ఆమె ఆ ఇంటికి వచ్చేది. దినం ఖర్చులకు 5 వేలు చేతిలో పెట్టి, కాగితాలన్నీ ఆమే తీసుకపోయేది. మా అత్తల కాలం వాళ్లు ఇప్పటికీ ఆ 5 వేల గురించే చెప్తరు. 30 వేల గురించి చెప్పరు. ఇప్పుడు బీమా సొమ్ము పెరిగింది, గడప తొక్కే మనిషి పోయింది. మా గ్రామ సంఘం ఈ సభ ముందు పెట్టాలనుకున్న మాట ఇదే.

ఇక పింఛన్లు. ఇక్కడ అక్కలు మొహం తిప్పుకుంటరు, ఎందుకో మాకు తెలుసు. 2009లో అభయహస్తం వచ్చింది. మనం రోజుకు రూపాయి, సర్కారు రూపాయి, అరవై నిండినంక నెలకు కనీసం 500. ఏడాదికి 365 చొప్పున బీడీ పైసలలోంచి, కూలి పైసలలోంచి కట్టినం. ఆ పథకం నడుమన ఆగిపోయింది. కట్టిన డబ్బు వాపసు మాట 2022లో వచ్చింది. డబ్బు సంగతి అట్లుంచి, పోయింది నమ్మకం. ఇప్పుడు శ్రమ యోగి మాన్‌ధన్ గురించి చెప్పబోతే "మళ్లొకటా?" అంటరు.

అయినా చిన్న వయసు కోడండ్లకు, బిడ్డలకు చెప్పకుండా ఉండలేం. 18 నుంచి 40 ఏండ్ల వాళ్లు, నెలకు 15 వేల లోపు సంపాదన ఉన్నవాళ్లు చేరొచ్చు. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నవాళ్లకు లేదు. 18 ఏండ్లకు చేరితే నెలకు 55, 29 ఏండ్లకు చేరితే 100, 40 ఏండ్లకు 200. మనం ఎంత వేస్తే కేంద్రం అంతే వేస్తది. అరవై నిండినంక నెలకు 3 వేలు. అటల్ పింఛన్ ఇంకొకటి, అందులో నెలకు వెయ్యి నుంచి 5 వేల దాకా మనం ఎంచుకున్న దాన్నిబట్టి కట్టాలె. 29 ఏండ్ల బిడ్డ ముప్పై ఒక్క ఏండ్లు నెలకు వంద కడితే తన చేతి నుంచి పోయేది 37,200 రూపాయలు.

మా సందేహం కూడా దాచుకోం. 3 వేలు అనేది 2019లో రాసిన అంకె. ముప్పై ఏండ్ల తర్వాత ఆ 3 వేలకు ఏమొస్తది? ఉమ్మడి రాష్ట్రంలో 2014 వరకు వృద్ధాప్య పింఛన్ 200 ఉండేది, తర్వాత 1,000 అయింది, తర్వాత 2,016 అయింది. ధర పెరిగింది కాబట్టి, జనం అడిగిన్రు కాబట్టి పెరిగింది. మన కట్టుబడి పింఛన్‌లో ధరతో పాటు పెరిగే మాట లేదు. అది ఉండాలని మనం అడగాలె. ఇంకొకటి, నలభై దాటినామెకు ఈ రెండు తలుపులూ మూసే ఉన్నయి. ఇక్కడ కూర్చున్న వాళ్లలో సగం మందికి నలభై దాటింది. సంఘాలు పెట్టింది, నిలబెట్టింది వాళ్లే. వాళ్లకు సర్కారు పింఛన్ ఒక్కటే దిక్కు, అది కూడా ఇంట్లో భార్యాభర్తల్లో ఒక్కరికే.

ఈ-శ్రమ్ కార్డు గురించి రెండు మాటలు. 2021 ఆగస్టు 26న మొదలైంది. దేశంలో 30 కోట్లకు పైగా పేర్లు ఎక్కినయి, అందులో సగానికి మించి ఆడవాళ్లమే. 12 అంకెల నంబర్ వస్తది. ఇది బీమా కాదు, పింఛన్ కాదు. మీసేవలో యాభయ్యో వందో తీసుకొని "దీంతో నెలకు పైసలు పడతయి" అని చెప్పేవాళ్లను నమ్మకండి. అయినా తీసుకోవాలనే చెప్తున్నం. పెద్దవ్వ అడిగిన ప్రశ్నకు ఇది ఒక జవాబు. 'నేను పనిచేస్తున్న' అని సర్కారు పుస్తకంలో మన పేరు మీద, భర్త పేరు మీద కాదు, రాసి ఉంటది. వృత్తి అనే చోట 'గృహిణి' అని రాయించుకోవద్దు. బీడీ అయితే బీడీ, కూలి అయితే కూలి, కుట్టు అయితే కుట్టు అని చెప్పి రాయించాలె. మేస్త్రీ పనికి పోయే జంటల్లో భర్తకు భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు ఉంటది, ఇసుక తట్ట మోసే భార్యకు ఉండదు. ఏడాదిలో 90 రోజుల పని ఉంటే ఆమెకూ హక్కు ఉన్నది.

మన మండలంలో గల్ఫ్ లేని ఊరు లేదు కాబట్టి ఇది కూడా చెప్పాలె. ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద పనికి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. గడువు అయిపోయినంక కూడా మనోళ్లు అక్కడే ఉంటరు, రెన్యువల్ మాత్రం చేయరు. విజిట్ వీసా మీద పోయినోళ్లకైతే అసలే ఉండదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు పైసలు పంపినవా అని అడిగే ముందు ఆ పాలసీ నంబర్ అడిగి రాసుకోండి.

పట్నంలో బండి మీద డబ్బాలు అందించే మన పిల్లల సంగతి వేరే. 2020లో చేసిన సామాజిక భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. పాత ఈఎస్ఐ, పీఎఫ్ చట్టాలు, 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టం అన్నీ దాంట్లో కలిసినయి. యాప్ కంపెనీలు తమ ఏడాది వ్యాపారంలో నూటికి ఒకటి నుంచి రెండు రూపాయలు ఆ పిల్లల భద్రతకు తీయాలని అందులో ఉన్నది. బండి నడిపే పిల్లలకు యజమాని వాటా ఎవరు కట్టాలో వెతికి రాసిన్రు. మంచిదే. మరి నాటు వేసేటామెకు? ఆమె పండించిన బియ్యం తినేటోళ్లు దేశమంతా ఉన్నరు. రైతు కట్టలేడు అంటే సర్కారే ఆ చేయి కూడా వేయాలె. రైతు బీమాకు చేసినప్పుడు కూలి బీమాకు ఎందుకు కాదు? ఈ మాట సమాఖ్య తీర్మానంగా జిల్లాకు పోవాలని మా కోరిక.

అది వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోలేం. రెండో ఆమె పోయిన తర్వాత మా గ్రామ సంఘంలో బీమా పుస్తకం ఒకటి పెట్టినం. సభ్యురాలి పేరు ఆధార్‌లో ఉన్నట్టు, ఏ బ్యాంకు ఖాతాలో కట్ అవుతది, పోయినసారి ఏ తారీఖున కట్ అయింది, నామినీ ఎవరు, ఆ నామినీ బతికి ఉన్నరా. చివరి మాట రాయాలంటే మొదట చేయి ఆడలేదు, కానీ అది కూడా రాసినం. ఏప్రిల్ సమావేశంలో చదువుతం. మే నెలలో ఎవరి ఖాతాలో 456 లేదో వీవోఏ చూసి చెప్తది. లేనివాళ్లకు సంఘం నుంచి మిత్తి లేకుండా చేబదులు ఇస్తం, మూడు నెలల్లో పొదుపుతో పాటు కడతరు. జూన్ మొదటి వారంలో మళ్లీ పుస్తకాలు తెరిచి, కట్ అయిందో లేదో కళ్లతో చూస్తం.

ఇది సులువుగా కాలేదు. "చావు కోసం ముందే పైసలు దాచుడా" అన్నవాళ్లు ఉన్నరు. "నాకు యాభై రెండు, నాకు రాదు, నేనెందుకు ఒప్పుకోవాలె" అని ఒక అక్క అడిగింది, ఆమె అడిగింది న్యాయమే. ఆమెకు 20 రూపాయల సురక్ష ఉంటది, ఆమె కోడలికి రెండూ ఉంటయి అని చెప్పినం. ఆమె ఒప్పుకోలేదు. తర్వాత నెల తనే వచ్చి కోడలి పాస్‌బుక్ ఇచ్చిపోయింది. అందరి దగ్గర బలవంతంగా కోయాలని మేము అనడం లేదు. పొదుపు మీద సభ్యురాలికి ఉన్న హక్కు సంఘానికి ఉండదు. చదివి వినిపించడం, గుర్తు చేయడం, చేబదులు ఇవ్వడం వరకే మా పని.

సమాఖ్యను మేము అడిగేది ఇది. ప్రతి గ్రామ సంఘం నుంచి చదువు వచ్చిన ఒక సభ్యురాలిని క్లెయిమ్‌ల పనికి పెట్టాలె. ఆమెకు బస్సు ఛార్జీలు, రోజు కూలి సమాఖ్య మిత్తి ఆదాయం నుంచి ఇవ్వాలె. ఉత్తగ సేవ చేయమంటే రెండు నెలలు చేసి మానేస్తది, మానేస్తే తప్పు ఆమెది కాదు. సభ్యురాలు చనిపోయిన మూడో రోజు లోపు ఆమె ఆ ఇంటికి పోవాలె. వట్టి చేతులతో కాదు. ఎంత ఇవ్వాలో సభ నిర్ణయించాలె. బ్యాంకు సార్లను కూడా ఒకటి కోరుతున్నం. మే 15 నాటికి ఎవరి ఖాతాలో బీమాకు సరిపడా డబ్బు లేదో ఆ ఖాతాదారుకు ముందే తెలిసేటట్టు చూడండి. కట్ కానప్పుడు ఒక మెసేజ్ తెలుగులో పంపండి.

మా బీమా పుస్తకం రిజిస్ట్రేషన్ బల్ల మీద, నీళ్ల క్యాన్ పక్కన పెట్టినం. అందులో సభ్యుల ఖాతా నంబర్లు ఉన్నయి కాబట్టి ఆ పేజీలను క్లిప్పు పెట్టి మూసినం, గళ్లు గీసిన ఖాళీ పేజీలు మాత్రం చూడొచ్చు. భోజనాల టైంలో ఎవరికి కావాలంటే వాళ్లు చూసి, తమ నోటుబుక్కులో అట్లనే గళ్లు గీసుకోండి. స్కేలు, పెన్నులు మా వీవోఏ దగ్గర ఉన్నయి.